ఖాళీ లేని ఐదు రోజులు

మా అక్క ఫోన్ చేసి, "ఈ చలికాలం సెలవుల్లో ఒక ఐదు రోజులు వస్తానే, మీ ఊరు చూసి పోతాను" అన్నప్పుడు ముందు నాకు ఒళ్ళు మండింది. తర్వాత భయం వేసింది. పంతొమ్మిదేళ్ళలో ఎన్నడూ చూడాలనిపించని ఊరు ఇప్పుడు చూడాలనిపించిందట! తను ఏం చూడ్డానికి వస్తోందో తనకి తెలుసు, నాకు తెలుసు, పక్కన నిలబడి చెవులు రిక్కించి వింటున్న మా ఆయనకీ తెలుసు. తెలియనిది మా పిచ్చుకకి ఒక్కదానికే అనుకున్నాను.

పిచ్చుక అంటే మా అమ్మాయి. నా ఒళ్ళోకి వచ్చినప్పుడు గుప్పెడంత ఉండేది, అందుకని ఆ పేరు. ఇప్పుడు నాకంటే జానెడు పొడుగు, యూనివర్సిటీలో రెండో ఏడు చదువుతోంది. కన్నది అక్క, పెంచింది నేను. అప్పటికి నాకు మూడుసార్లు కడుపు పోయింది. మూడోసారి తర్వాత తిండి మానేసి గోడవైపు తిరిగి పడుకున్నాను. అక్కకి అప్పటికే ఇద్దరు పిల్లలు, మూడోది కడుపులో ఉంది. చూడ్డానికి వస్తే సిగ్గు విడిచి నేనే అడిగాను. "నీకు ఇద్దరున్నారు కదే, ఇది నాకిచ్చెయ్" అన్నాను. అక్క నెల రోజులు నాతో మాట్లాడలేదు. కాన్పయిన పదకొండో రోజున పిల్లని తెచ్చి నా పక్కన పడుకోబెట్టి, "ఇప్పుడైనా లేచి అన్నం తిను" అంది. బావ ఇప్పటికీ నాతో సరిగా మాట్లాడడు.

అంత ఇచ్చినదాని దగ్గర నేను ఇంకో రెండు మాటలు కూడా తీసుకున్నాను. పిల్లకి ఎప్పటికీ చెప్పకూడదు. నేను పిలిచేదాకా నా ఇంటికి రాకూడదు. నేను పిలవలేదు, తను రాలేదు. పెళ్ళిళ్ళలో, మా అమ్మ పోయినప్పుడు ఎదురుపడినా దూరం నుంచి ఒక్కసారి చూసి తల తిప్పుకునేది. ఇప్పుడు ఇన్నేళ్ళకి నోరు తెరిచి అడిగితే వద్దనడానికి నాకు నోరు రాలేదు.

నోరు రాలేదు గానీ చేతులు ఊరుకోలేదు. నేను చేసేది సిటీ బస్సుల డిపోలో టైమింగులు వేసే పని. ఏ బస్సు ఎన్నింటికి ఎక్కడ బయల్దేరాలి, ఏ డ్రైవర్ ఎక్కడ దిగి ఎక్కడ ఎక్కాలి, ఇరవై ఆరేళ్ళుగా ఇదే లోకం. డ్రైవర్లు నన్ను వెనకాల నిమిషాలమ్మ అంటారు. ముందర కూడా అంటారు లెండి. ఈ పనిలో కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట నేర్పేది ఒకటే: ప్రతి ట్రిప్పు చివరా బస్సు ఏడు నిమిషాలు ఊరికే నిలబడాలి. డ్రైవర్ టీ తాగడానికి అనుకుంటారు అందరూ. అది కాదు. దారిలో జరిగిన ఆలస్యం తర్వాతి ట్రిప్పు నెత్తిన పడకుండా ఆ ఏడు నిమిషాలు మింగేస్తాయి. ఆ ఖాళీ తీసేస్తే పొద్దున ఒక సిగ్నల్ దగ్గర జరిగిన ఆలస్యం సాయంత్రానికి ఊరంతా పాకుతుంది.

అక్క వచ్చే ముందు రోజు సాయంత్రం వంటింటి బల్ల మీద గీతల కాగితం పరిచి ఐదు రోజుల చార్టు వేశాను. బయలుదేరే సమయం, చేరే సమయం, చూడవలసినది. గడియార స్తంభం, మ్యూజియం, జంతుశాల, పాత వంతెన, అద్దాల తోట, నక్షత్రశాల, ఓడరేవు. ఏడు నిమిషాలు కాదు, ఎక్కడా నిమిషం ఖాళీ వదల్లేదు. వాళ్ళిద్దరూ ఒక్కచోట ఒంటరిగా కూర్చునే సందు లేకుండా వేశాను. ఇరవై ఆరేళ్ళ విద్యంతా అందులో పెట్టాను.

మా ఆయన ఆ కాగితం చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయనది కళ్ళద్దాల షాపు, ఏం చెప్పాలో తెలియనప్పుడల్లా అద్దాలు తుడుస్తాడు. "వదినగారికి ఊరు చూపిస్తావా, ఊరేగిస్తావా?" అన్నాడు.

"మీకు తెలీదు, ఊరుకోండి" అన్నాను.

రైలు దిగినప్పుడు అక్క చేతిలో చిన్న సంచీ ఒకటే ఉంది. కోటు బావదేమో, మోకాళ్ళు దాటి వేలాడుతోంది. పిచ్చుక ముందుకెళ్ళి సంచీ అందుకుని, "బాగున్నారా పెద్దమ్మా? ప్రయాణం బాగా జరిగిందా?" అంది. మీరు అంది. నాకు లోపల హాయిగా అనిపించింది, ఇప్పుడు చెప్పుకోడానికి సిగ్గుగా ఉంది. అక్క పిల్ల మొహం చూడలేదు. సంచీ పట్టుకున్న చేతిని చూసింది. వేళ్ళు, గోళ్ళు, మణికట్టు. చంటిపిల్లల వేళ్ళు లెక్కపెట్టుకునే తల్లిలా చూసి, "బాగున్నానమ్మా" అంది.

అతిథికి మంచి గది ఇవ్వాలన్న వంకతో అక్కని మా గదిలో, నా మంచం మీదే పడుకోబెట్టుకున్నాను. మా ఆయన్ని హాల్లోకి తరిమాను. బస్సు ఎక్కితే అక్క పక్కన నేను, ముందు సీట్లో పిచ్చుక. అక్క కిటికీలోంచి ఊరు చూడకుండా ఆ పిల్ల పాపిడి చూస్తూ కూర్చునేది. నేను మోచేత్తో పొడిచి, "అదిగో అటు చూడు, పాత కోర్టు" అనేదాన్ని. "ఆఁ, పెద్దదే" అనేది అటు చూడకుండానే.

గడియార స్తంభానికి నూట పన్నెండు మెట్లు. సగంలో అక్క గోడ పట్టుకుని నిలబడిపోయింది, పెదాలు నల్లబడ్డాయి. పిచ్చుక పరిగెత్తి కిందికి దిగి, "నేను ఉంటాను పెద్దమ్మ దగ్గర, నువ్వు పైకెళ్ళి చూసిరా అమ్మా" అంది. ముప్ఫై ఏళ్ళుగా చూస్తున్న గడియారం నేను మళ్ళీ చూడ్డమేంటి? "అందరం దిగిపోదాం, మ్యూజియంకి టైమవుతోంది" అన్నాను. ఆయాసం వయసు వల్ల అనుకున్నాను. అక్క నాకంటే ఆరేళ్ళే పెద్ద, ఆ లెక్క ఆ పూట గుర్తు రాలేదు.

మ్యూజియంలో అద్దాల పెట్టెల ముందు అక్క చాలాసేపు నిలబడుతుంటే పాత నాణేల మీద ఇంత మక్కువేంటా అనుకున్నాను. తర్వాత అర్థమైంది. అద్దంలో వెనక నిలబడ్డ పిల్ల మొహం కనిపిస్తోంది. నేను వెళ్ళి ఇద్దరి మధ్యా నిలబడ్డాను.

రెండో రోజు పిచ్చుక, "పెద్దమ్మా, మా యూనివర్సిటీ లైబ్రరీ చూస్తారా? జంతుశాల నుంచి నడిచి వెళ్ళొచ్చు. మనిద్దరం వెళ్ళొద్దాం, అమ్మకి కాళ్ళ నొప్పులు" అంది.

"సెలవులు కదా, మూసి ఉంటుంది" అన్నాను వెంటనే.

మూసి లేదు. ఆ రూటు సెలవుల చార్టు వేసింది నేనే, లైబ్రరీ తెరిచే వేళ చూసే వేశాను. పిచ్చుక నా వైపు ఒక్క క్షణం చూసి తల తిప్పుకుంది. చలికి ముడుచుకుని పడుకున్న ఏనుగు ముందు ముగ్గురం చార్టు ప్రకారం ఇరవై నిమిషాలు నిలబడ్డాం.

మూడో రోజు అద్దాల తోటలో, గాజు పైకప్పు కింద, వెచ్చగా ఉంది. బయటంతా మంచు పొగ, లోపల ఆకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి. అక్క ఒక బెంచీ మీద కూర్చుంది, పిచ్చుక పక్కన కూర్చుంది. నేను టీ కోసం క్యూలో ఉన్నాను. దూరం నుంచి చూస్తే ఇద్దరూ ఎడమ కాలు కుడి కాలి వెనక దాచుకుని ఒక్కలాగే కూర్చున్నారు. ఎవరూ నేర్పలేదు. అక్క ఏదో అడుగుతోంది, పిల్ల తల వంచి వింటోంది. నా ముందు ఇద్దరే ఉన్నారు, అయినా క్యూ వదిలేసి వచ్చేశాను.

"టీ ఏదమ్మా?" అంది పిచ్చుక.

"క్యూ పెద్దగా ఉంది. లేవండి, నక్షత్రశాలకి టైమైంది."

అక్క లేస్తూ, "చక్కెర ఎన్ని చెంచాలు వేసుకుంటుందో అడుగుతున్నానే" అంది. నేనేమీ అడగకుండానే సంజాయిషీ చెప్పింది.

నాలుగో రోజు సాయంత్రం భోజనాలయ్యాక పిచ్చుక స్నానానికి వెళ్ళింది. నేను గిన్నెలు కడుగుతుంటే అక్క పక్కన నిలబడి తుడుస్తోంది.

"ఒకటి అడుగుతా, కోప్పడవుగా?" అంది.

"అడుగు."

"రేపు పొద్దున ఒక్క గంట దాన్ని నాతో వదిలిపెట్టు. చెప్పను. ఇచ్చిన మాట ఇచ్చినట్టే ఉంటుంది. ఊరికే పక్కన కూర్చుంటాను. ఏం చదువుతోంది, ఏం తింటుంది, దేనికి నవ్వుతుంది, అంతే."

కుళాయి పెద్దది చేశాను.

"వచ్చే నెల నాకు గుండెకి ఆపరేషన్" అంది అక్క, తుడిచిన కప్పునే మళ్ళీ తుడుస్తూ. "డాక్టర్ మంచివాడే, నవ్వుతూనే చెప్పాడు, కొంతమంది బల్ల మీంచి లేవరని. మా పిల్లలకి అంతా చెప్పాను. దీనికి చెప్పే హక్కు నాకు లేదు కదా. అందుకని చూసి పోదామని వచ్చాను."

అప్పుడు నాకు ఏమనిపించిందో దాచుకోను. జాలి వేసింది, కన్నీళ్ళొచ్చాయి. కానీ వాటన్నిటికంటే ముందు భయం నిలబడింది. చావు కళ్ళ ముందున్న మనిషి మాట మీద నిలబడుతుందా? ఒక్క గంటలో ఒక్కసారి నోరు జారితే, పంతొమ్మిదేళ్ళు నేను తల దువ్విన పిల్ల నాకు పరాయిదైపోతుంది.

"రేపు పొద్దున ఓడరేవు ఉంది అక్కా. పన్నెండుకి పది నిమిషాల ముందు నీ రైలు. గంట ఎక్కడిది? బస్సులో అడుగు కావలసినవి" అన్నాను.

అక్క కప్పు బోర్లించింది. "సరేలే. ఊరు బాగుందే. బాగా చూపించావు" అంది.

ఐదో రోజు పొగమంచు ఎంత దట్టంగా ఉందంటే, ఓడరేవు మాట దేవుడెరుగు, పక్క మనిషే సగం కనిపిస్తోంది. పడవలు ఆపేశామని బోర్డు పెట్టారు. రైలుకి రెండు గంటలుంది. పక్కనే వెచ్చటి టీ కొట్టుంది, కిటికీ దగ్గర ఇద్దరు కూర్చునే బల్ల కూడా ఖాళీగా ఉంది. నేను చూశాను దాన్ని. చూసి కూడా వాళ్ళిద్దర్నీ రెయిలింగ్ దగ్గర నిలబెట్టి, తెల్లటి పొగలోకి వేలు చూపిస్తూ, "అటు పెద్ద ఓడలు నిలబడతాయి, ఇటు దీపస్తంభం" అని చెబుతూ పోయాను. అక్క ప్రతిదానికీ తలూపింది. పిచ్చుక తలూపలేదు. కోటు జేబుల్లో చేతులు పెట్టుకుని అక్క వైపే చూస్తోంది.

స్టేషన్లో రైలు ఎక్కే ముందు అక్క పిచ్చుక కోటు పై గుండీ పెట్టింది. ఒక్క గుండీకి అంతసేపు పట్టదు. "మెడకి గాలి తగలనీకు తల్లీ" అంది. పదకొండు యాభైకి రైలు కదిలింది. నేను ఊపిరి వదిలాను. గట్టెక్కాననుకున్నాను.

బయట బస్ స్టాపుకి వచ్చేసరికి పదకొండు యాభై అయిదు బస్సు అప్పుడే వెళ్ళిపోయింది. సెలవుల్లో సర్వీసులు తగ్గించాం, తర్వాతది పన్నెండూ ముప్ఫై అయిదుకి. నలభై నిమిషాలు. బెంచీ మీద ఒక ముసలాయన బోర్డు చదివి, "ఈ టైమింగులు వేసేవాళ్ళకి ఇల్లూ పిల్లలూ ఉన్నట్టు లేదు" అని విసుక్కున్నాడు. మామూలుగా అయితే ఒంటికాలి మీద లేచేదాన్ని. ఆ రోజు పిచ్చుకని తీసుకుని అవతలి బెంచీకి వెళ్ళి కూర్చున్నాను.

ఐదు రోజుల్లో మొదటిసారి చేయడానికి ఏమీ లేదు.

"అమ్మా, నాకు తెలుసు" అంది పిచ్చుక.

ఏం తెలుసని అడగలేదు.

"అమ్మమ్మ పోయినప్పుడు. వంటింట్లో ఎవరో అనుకుంటుంటే విన్నాను. నాలుగేళ్ళయింది. నువ్వు బాధపడతావని అడగలేదు. ఈవిడ వస్తోందనగానే అనుకున్నా, ఇప్పుడు చెబుతుంది, ఎందుకిచ్చేసిందో ఒక్క మాటైనా చెబుతుంది అని. నేను ఎన్నిసార్లు దగ్గరికెళ్ళానో నువ్వు చూశావుగా. ఐదు రోజులమ్మా! గడియారం చూసింది, ఏనుగుని చూసింది, ఇవాళ పొగమంచు కూడా చూసింది. నాతో పది నిమిషాలు కూర్చోలేదు."

చేతులు కోటు జేబుల్లోకి దోపుకుంది.

"ఇద్దరు చాలనుకుని ఉంటుంది. మూడోది ఎక్కువైంది. పోనీలే, తెలిసిపోయింది. ఇంక ఆవిడ ఊసెత్తను. నాకు నువ్వే చాలమ్మా." అని నా భుజం మీద తల పెట్టింది.

పంతొమ్మిదేళ్ళుగా నేను వినాలనుకున్న మాట అది. నోరు మూసుకుని కూర్చుంటే చాలు, అది నాదే, ఎప్పటికీ. దాని తల బరువు నా భుజం మీద ఉంది. చిన్నప్పటిలాగే జుట్టు నా చెవికి గుచ్చుకుంటోంది. బస్సుకి ఇంకా ముప్ఫై నిమిషాలుంది. ఆ ముప్ఫై నిమిషాలూ ఏమీ మాట్లాడకుండా గడిపెయ్యొచ్చు.

కానీ "మూడోది ఎక్కువైంది" అన్నప్పటి దాని గొంతు నాకు వినిపిస్తూనే ఉంది. ఖాళీ వదలకుండా నేను మిగుల్చుకున్న నిమిషాలన్నీ వెళ్ళి ఈ పిల్ల నెత్తిన పడ్డాయి. జీవితాంతం మోస్తుంది.

"నువ్వు ఎక్కువై ఇవ్వలేదు" అన్నాను. "నేను అడిగాను. చచ్చిపోతానన్నట్టు పడుకుని అడిగాను. తను నెల రోజులు ఏడ్చి, నన్ను బతికించడానికి ఇచ్చింది. నీకు చెప్పొద్దనీ, నిన్ను చూడ్డానికి రావద్దనీ మాట తీసుకున్నది కూడా నేనే."

భుజం మీంచి తల లేచింది.

"నిన్న సాయంత్రం నీతో ఒక్క గంట కూర్చుంటానని అడిగింది. వచ్చే నెల గుండెకి ఆపరేషన్. లేస్తుందో లేదో డాక్టర్ చెప్పలేదు."

"ఒక్క గంట అడిగిందా?"

"అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఓడరేవు ఉందన్నాను."

పిచ్చుక నన్ను చూసింది. కోపంగా చూసినా బాగుండేది. బస్సులో పక్క సీటు మనిషిని చూసినట్టు చూసింది. తర్వాత ఫోన్ తీసింది. అందులో అక్క నంబరు లేదు, నేనే నొక్కి ఇచ్చాను. పిచ్చుక "హలో" అంది. రైలు చప్పుడు, దాని మీంచి అక్క గొంతు నాకూ వినిపించాయి.

"ఎవరూ? చిన్నతల్లా? ఏమ్మా, నేనేమైనా మర్చిపోయి వచ్చానా?"

పిచ్చుక ఫోన్ చెవికి ఇంకా గట్టిగా ఆనించుకుంది.

"కళ్ళజోడు సంచీలోనే ఉందే... టవలు మర్చిపోయానేమో. పోనీలే, అమ్మని ఉంచుకోమను. నువ్వు చలిలో నిలబడకు. మీ అమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికెళ్ళు."

అప్పటికీ మాట తప్పలేదు మా అక్క. నేను రెండు చేతుల్తో మొహం కప్పుకుని ఏడ్చాను, అవతలి బెంచీ మీద ముసలాయన చూస్తున్నా సరే.

"సాయంత్రానికి వస్తున్నాను, ఇంట్లోనే ఉండు" అంది పిచ్చుక ఫోన్‌లో. అవతలి నుంచి ఏమీ వినిపించలేదు, రైలు చప్పుడు తప్ప. పిచ్చుక ఫోన్ పెట్టేసి కళ్ళు తుడుచుకుంది. "తర్వాతి రైలు ఎన్నింటికి?"

"రెండుంబావుకి. జంక్షన్లో దిగి మారాలి. ఏడింటికల్లా చేరతావు."

"నువ్వు రావద్దు."

"రాను" అన్నాను.

నాకు తెలిసిన పని ఒకటే. సంచీలోంచి ఐదు రోజుల చార్టు తీసి, వెనక్కి తిప్పి గీతలు గీశాను. రైలు వేళ, జంక్షన్లో ఏ ప్లాట్‌ఫారం, అక్కడ నలభై నిమిషాల వ్యవధి, దిగాక ఏ నంబరు బస్సు ఎక్కాలి, అక్క ఇల్లు ఎన్నో మలుపు. తిరుగు ప్రయాణం అన్న గడి కూడా గీశాను. అలవాటు. దాని దగ్గర కలం ఆగింది.

పిచ్చుక కాగితం తీసుకుని చదివింది. "ఇదేంటి, ఇది ఖాళీగా వదిలేశావు?"

"అది నువ్వు రాసుకో" అన్నాను.

అది కాగితం మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుంది. పన్నెండూ ముప్ఫై అయిదు బస్సు వచ్చింది, ఆగవలసిన ఏడు నిమిషాలు ఆగింది, ముసలాయన్ని ఎక్కించుకుని వెళ్ళింది. పిచ్చుక లేచి స్టేషన్లోకి నడిచింది. మెట్ల దగ్గర ఒక్క క్షణం నిలబడి పై గుండీ తడుముకుంది. వెనక్కి తిరగలేదు.

ఒకటీ పదిహేను బస్సు వచ్చింది, ఎక్కలేదు. ఒకటీ యాభై అయిదుదీ ఎక్కలేదు. రెండుంబావు రైలు కూత వినేదాకా ఆ బెంచీ మీదే కూర్చున్నాను. సరిగ్గా సమయానికే బయల్దేరింది.